ఉడత చేబదులు, ఉప్పుపొద పద్దు

అందరికీ నమస్కారం. వినపడుతోందా వెనక వరసకి? కొంచెం మైకు పెంచండి బాబూ. ఆఁ, చాలు.

ఈ మీటింగు పోస్టరు గ్రూపులో పెట్టిన అరగంటకే ఒకాయన, ఇక్కడే ఉన్నారు, పేరు చెప్పనులెండి, "ఉడతకీ ఉప్పుపొదకీ పోలికేంటమ్మా, బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టినట్టు" అని రాశారు. (నవ్వులు) నిజమే. నేను చెప్పబోయేది ఈ లాస్ ఏంజిలస్ చుట్టుపక్కల ఎడారుల్లో తిరిగే తెల్లతోక ఉడత గురించి, అక్కడి ఉప్పు నేలలో పెరిగే ఉప్పుపొద అనే మొక్క గురించి. ఉడత బరువు సుమారు 100 గ్రాములు. పొద ఎత్తు చాలాచోట్ల మన మోకాలిదాకా వస్తుంది, కాబట్టి మోకాలు ఎలాగూ వచ్చేసింది, బోడిగుండు సంగతి మీరే చూసుకోండి. బరువు ఇంత, ఎత్తు ఇంత, శాస్త్రీయ నామం ఇది అని రెండు గళ్ల పట్టిక గీస్తే ఏమీ తేలదు, అది నాకూ తెలుసు. కానీ ఈ రెండూ ఒకే వీధిలో కాపురం ఉంటున్నాయి. ఇద్దరికీ కష్టాలు అవే: నేలలో ఉప్పు, నెత్తిన ఎండ, తాగడానికి నీళ్లు లేకపోవడం. ఒకదానికి కాళ్లున్నాయి, ఇంకోదానికి లేవు. ఈ ఒక్క తేడా వల్ల బతుకులు ఎంత వేరుగా తయారయ్యాయో చూద్దామనే నేను ఈ పోలిక పెట్టుకున్నాను.

నేను మట్టి, నీటి పరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తాను. పొద్దున లేస్తే ఉప్పు కొలవడమే నా పని. పుట్టింది చినగంజాం దగ్గర, అంటే ఉప్పు కొఠార్ల మధ్యే పెరిగాను, కాబట్టి ఉప్పు నన్ను వదలదు, నేను దాన్ని వదలను.

ఇదిగో, ఈ కుండీ చూడండి. ఇది ముందు వరసలోంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి చేతికీ వెళ్తుంది. ఇదే ఉప్పుపొద. ఇక్కడ షాడ్‌స్కేల్ అంటారు. శాస్త్రీయ నామం అట్రిప్లెక్స్ కాన్ఫెర్టిఫోలియా, ఇంక మళ్లీ ఆ పేరు ఎత్తను. కొండల్లోంచి పీక్కురాలేదండోయ్, ఇక్కడి మొక్కలే అమ్మే నర్సరీలో కొన్నాను. కుండీతోపాటు ఒక భూతద్దం కూడా వస్తుంది, ఆకు మీద పెట్టి చూడండి. కొమ్మ చివర్లు జాగ్రత్త, ముదిరితే ముళ్లయిపోతాయి. పిల్లల చేతికి ఇవ్వొద్దు.

ఇది ఎక్కడ పెరుగుతుంది? నెవాడా, యూటాల నిండా ఉంది. ఫ్రీమాంట్ అని సైన్యంలో పనిచేసిన అన్వేషకుడు 1843లో యూటాలో గ్రేట్ సాల్ట్ లేక్ అనే ఉప్పు సరస్సు వైపు వెళ్లాడు, ఈ మొక్కకి 1845లో పెట్టిన మొదటి శాస్త్రీయ నామంలో ఆయన పేరు కూడా కనిపిస్తుంది. కానీ మనకి దగ్గరలో చూడాలంటే 395 హైవే ఎక్కి ఓవెన్స్ లోయకి వెళ్లాలి. మీలో సగం మంది ఆ దారిన మామత్ లేక్స్ వెళ్లినవాళ్లే. లోన్ పైన్ దాటాక ఎడమ పక్క మంచుకొండలు చూసి ఫొటోలు తీసుకుంటాం కదా, రోడ్డు పక్కన బూడిద రంగులో, దుమ్ము కొట్టుకుపోయినట్టు మోకాలెత్తు పొదలు ఉంటాయి, వాటిని ఎవరూ ఫొటో తియ్యరు. అవే ఇవి. కొండకి దగ్గరకి పోతే వేరే పొదలు, లోయ అడుగుకి వస్తే ఇవీ, ఇంకొన్ని రకాల ఉప్పుపొదలూ.

ఆ లోయతో మనకి ఇంకో చుట్టరికం ఉంది. ఈ లాస్ ఏంజిలస్‌లో మీ ఇంట్లో కుళాయి తిప్పితే వచ్చే నీళ్లలో కొంత ఆ లోయదే. దాని సంగతి తర్వాత.

ముందు ఉప్పు. ఉప్పు నేలలో మొక్కకి ఏమవుతుందో చెప్పడానికి ల్యాబు భాష అక్కర్లేదు, ఆవకాయ చాలు. మామిడికాయ ముక్కలకి ఉప్పు, కారం, ఆవపిండి కలిపి జాడీలో పెడితే మూడో రోజుకి ఊట వస్తుంది. ఆ ఊట ఎక్కడిది? మనం నీళ్లు పొయ్యలేదు కదా, చెమ్మ తగలకుండా గరిటె కూడా తుడిచి పెట్టాం. ముక్కలోని నీళ్లే బయటి ఉప్పు లాగేసింది. చవుడు నేలలో వేరుకి జరిగేది సరిగ్గా ఇదే. నేలలో ఉప్పు ఎక్కువ, వేరులో తక్కువ, అప్పుడు నేల వేరుకి నీళ్లివ్వడం మాట అటుంచి వేరులో ఉన్నవి కూడా లాక్కుంటుంది. వరి నారు చవుట్లో మాడిపోయేది అందుకే.

ఉప్పుపొద ఏం చేస్తుందంటే, ఉప్పుని కాదనదు. లోపలికి రానిస్తుంది. బయట ఎంత ఉప్పుందో దానికంటే ఎక్కువ తనలో పెట్టుకుంటే అప్పుడు నీళ్లు ఇటువైపు వస్తాయి కదా. వినడానికి తెలివైన ఎత్తే. కానీ లోపలికొచ్చిన ఉప్పు ఊరుకోదు, కణంలో జరిగే పనులన్నిటికీ అడ్డం పడుతుంది. అందుకని కణంలోనే ఒక సంచీలాంటి అరలో దాన్ని బంధించి, మిగతా భాగంలో బీటెయిన్ అనే ఇంకో పదార్థాన్ని నింపి తూకం సరిచేస్తుంది. బీటెయిన్ పేరు బీట్‌రూట్ జాతి నుంచే వచ్చింది. అవునండీ, బీట్‌రూట్ దీని చుట్టమే. పాలకూర చుట్టమే. తోటకూర చుట్టమే. చక్రవర్తి కూర అయితే బాగా దగ్గరి చుట్టం. ఇంత ముళ్లకంప మన కూరల బుట్టలోని కుటుంబంలో పుట్టిందంటే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు.

అప్పటికీ ఉప్పు మిగులుతుంది. రోజూ వస్తూనే ఉంటుంది కదా. ఇప్పుడు భూతద్దం ఎవరి దగ్గరుంది? పిన్నిగారూ, ఆకు మీద ఏం కనిపిస్తోందండీ?

(సభలోంచి: సగ్గుబియ్యంలా ఉన్నాయమ్మా, చిన్న చిన్నవి.)

బ్రహ్మాండం! నేను ఇన్నాళ్లూ బుడగలు అని చెప్తున్నాను, ఇకమీద సగ్గుబియ్యమనే చెప్తాను. ఆకు మీద సన్నటి కాడ, ఆ కాడ మీద ఉబ్బిన బుడగలాంటి ఒక్క కణం. ఆకు లోపలి ఉప్పుని కాడలోంచి పైకి తోడి ఆ బుడగలో పోస్తుంది. తోడడం ఊరికే కాదు, దానికి శక్తి ఖర్చు పెట్టాలి. బుడగ నిండి, ఎండి, పగిలిపోతే ఆ ఉప్పు ఆకు మీదే తెల్లటి పొరలా ఉండిపోతుంది. మీరు దూరం నుంచి చూసి దుమ్ము అనుకునే ఆ బూడిద రంగులో చాలా భాగం ఇదే. ఆ పొర పడ్డ ఎండలో కొంత తిప్పి కొడుతుంది కూడా. అంటే పారెయ్యాల్సిన చెత్తని ఇంటికి సున్నం కొట్టుకున్నట్టు వాడుకుంటోంది.

మడ చెట్లలో కొన్నిటికి కూడా ఆకు మీద ఉప్పు పేరుతుంది, కోరింగ వెళ్లినప్పుడు చూసే ఉంటారు. అక్కడ ఆకు మీది గ్రంథుల్లోంచి నేరుగా బయటికి ఊరుతుంది, ఇక్కడ బుడగల్లో దాస్తుంది. మా ఉప్పు కొఠార్ల గట్ల మీద ఎర్రెర్రగా పాకే మొక్కలైతే ఇంకో దారి పట్టాయి, ఆకులు లావుగా చేసుకుని వాటినిండా నీళ్లు నింపుకుని, ఉప్పుని పలచన చేసుకుంటాయి. మజ్జిగలో ఉప్పెక్కువైతే మనం చేసే పనే.

పోయినేడాది మా అత్తయ్యగారు ఇండియా నుంచి వస్తే ఆ దారిన తీసుకెళ్లాం. నేను ఈ బుడగల గురించి ఇలాగే ఉపన్యాసం ఇస్తుంటే ఆవిడ వినీ విననట్టు ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుని, రెండు సార్లు నమిలి, "ఉప్పు సరిపోయిందే అమ్మాయ్, పప్పులో వేస్తే విడిగా వెయ్యక్కర్లేదు" అన్నారు. (నవ్వులు) మీరు అలా చెయ్యొద్దు. కొన్ని నేలల్లో ఈ జాతి మొక్కలు సెలీనియంలాంటివి కూడా లాక్కుంటాయి, ఎక్కడి నేల ఎలాంటిదో మనకి తెలియదు.

సరే, ఆకు నిండా ఉప్పు ఉంటే ఎవరు తింటారు? తినలేరనే ధీమాతో ఆ మొక్క ఉంటే, ఒక ఎలుక దాని లెక్క తప్పించింది. ఇది ఉడత కథ కాదు, కానీ చెప్పకుండా ముందుకి పోలేను. ఆ లోయలోనే కంగారూ ఎలుకలు ఉంటాయి, వెనక కాళ్ల మీద గెంతేవి. మిగతా కంగారూ ఎలుకలు ఎక్కువగా గింజలు ఏరుకు తింటాయి, వాటి కింది పళ్లు సన్నగా డబ్బనంలా ఉంటాయి. ఒక్క రకానికి మాత్రం కింది పళ్లు వెడల్పుగా, బల్లపరుపుగా, వడ్రంగి ఉలిలా ఉంటాయి. జేమ్స్ కెనాగీ అనే శాస్త్రవేత్త 1972లో ఇది ఏం చేస్తుందో రాశాడు. రాత్రిపూట పొదలోకి ఎక్కి ఆకులు కోసుకొస్తుంది. ముందు కాళ్లతో ఆకుని పట్టుకుని, ఆ ఉలి పళ్ల మీద అటూ ఇటూ జరుపుతూ పైన ఉన్న ఉప్పు పొర మొత్తం చెక్కేస్తుంది. తిరగేసి రెండో వైపు కూడా చెక్కుతుంది. మిగిలిన లోపలి పచ్చటి భాగం తింటుంది, అందులో నీళ్లుంటాయి, ఉప్పు తక్కువ. చెక్కు కింద రాలి కుప్ప పడుతుంది. మనం బీరకాయ చెక్కు తీసినట్టే, కాకపోతే బీరపొట్టు మనం పచ్చడి చేస్తాం, అది పారేస్తుంది.

మన తెల్లతోక ఉడతకి ఆ ఉలి లేదు. అసలు అది రాత్రిపూట బయటికే రాదు. ఎలుకది నైట్ షిఫ్ట్, ఉడతది డే షిఫ్ట్. మీకు తెలియని బాధ కాదు.

ఇప్పుడు ఉడత. మీరంతా దాన్ని చూశారు, పేరు తెలియదంతే. డెత్ వ్యాలీలోనో జాషువా ట్రీలోనో గ్రాండ్ కేన్యన్ వైపో కారు ఆపగానే ఒక చిన్న చారల జీవి తోక వీపు మీదకి మడిచి రివ్వున దాటిపోతుంది, "అదిగో చిప్‌మంక్" అంటాం. ముఖం మీద కూడా చారలుంటే చిప్‌మంక్. ముఖం మీద ఏమీ లేకుండా, పక్కలకి ఒక్కొక్క తెల్ల చార మాత్రమే ఉండి, తోక అడుగు తెల్లగా ఉంటే అది ఈ ఉడత. ఒరెగాన్ ఆగ్నేయ మూల నుంచి మెక్సికోలో బాహా కాలిఫోర్నియా కొస దాకా ఉంటుంది. ఇండియాలో మన ఉడతకి వీపు మీద రాముడి మూడు వేళ్లు, దీనికి పక్కకొకటి. మా అత్తయ్యగారు, "రాముడు ఇక్కడికి రాలేదుగా, సీతమ్మ ఎవరో రెండు వేళ్లతో పట్టుకుని ఉంటుంది" అని తేల్చేశారు.

ఇంకో సంగతి. మన పెరట్లో ఉడత జామకాయ కొరికి పడేస్తుంది, మనం తిట్టుకుంటూనే ఎంత ముద్దుగా ఉందో అనుకుంటాం. ఇది గింజలు, పచ్చి ఆకులు, పురుగులు తింటుంది, దొరికితే బల్లిని తింటుంది, చచ్చిన ఎలుకని కూడా వదలదు. నీళ్లు దొరకని చోట పురుగూ, పచ్చి ఆకూ అంటే తిండి మాత్రమే కాదు, మంచినీళ్లు కూడా.

ఇక దాని అసలు గొప్పతనం ఎండ దగ్గర. డెత్ వ్యాలీలో 1913 జులై 10న 56.7 డిగ్రీలు నమోదైంది, ఇప్పటికీ ప్రపంచ రికార్డు పుస్తకాల్లో ఉన్నది అదే. అంత కాకపోయినా ఎడారిలో జులై అంటే 40 దాటడం మామూలు, నేల ఇంకా వేడిగా ఉంటుంది. బుద్ధి ఉన్న జంతువులు పగలు బొరియలో పడుకుని రాత్రి తిరుగుతాయి. ఆ ఎడారిలోనే మొహావీ నేల ఉడత అని ఇంకోటి ఉంది, అది ఇంకా తెలివైంది, ఎండాకాలం మధ్యలో నిద్రపోయి శీతాకాలం అయ్యాక ఫిబ్రవరి ప్రాంతంలో లేస్తుంది. మనవాళ్లలో కొందరికి ఆ ఉద్యోగం దొరికితే బావుండు. తెల్లతోకది మాత్రం ఏడాది పొడుగునా, పట్టపగలే పని.

1960 ప్రాంతంలో ఇక్కడి యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో బార్తొలొమ్యూ, హడ్సన్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ ఉడతల్ని పట్టుకుని చూశారు. మనకి ఎండలో వెళ్తే చెమట పడుతుంది, అంటే వేడిని వదిలించుకోవడానికి నీళ్లు ఖర్చు పెడతాం. ఉడత దగ్గర ఖర్చు పెట్టడానికి నీళ్లేవి? అందుకని అది వేడిని వదిలించుకోదు. ఒంట్లోకి ఎక్కనిస్తుంది. 38, 40, 42, ఒక్కోసారి 43 డిగ్రీల దాకా. మనకి 43 జ్వరమొస్తే ఆసుపత్రివాళ్లు కంగారుపడిపోతారు, అది ఆ ఒంటితో గింజలు ఏరుకుంటూ తిరుగుతుంది. ఇంక ఎక్కితే లాభం లేదనుకున్నప్పుడు బొరియలోకి దూరి, చల్లటి మట్టి మీద కాళ్లు నాలుగు వైపులకీ చాపి, పొట్ట నేలకి ఆనించి బొక్కబోర్లా పడుకుంటుంది. ఒంట్లో వేడంతా నేలలోకి దిగిపోతుంది. ఒళ్లు చల్లారగానే మళ్లీ బయటికి. ఎండ ముదిరిన రోజున ఇది గంటల లెక్క కాదు, నిమిషాల లెక్క, వచ్చిందీ పోయిందీ తెలియనట్టు తిరుగుతూనే ఉంటుంది.

నేను దీన్ని చేబదులు అంటాను. నోటు రాయరు, వడ్డీ ఉండదు, పొద్దున తీసుకుని సాయంత్రంలోగా తిరిగిచ్చెయ్యాలి. ఉడత ఎండ దగ్గర వేడిని చేబదులు తీసుకుని, నేలకి తీర్చేసి, మళ్లీ తీసుకుంటుంది. మధ్యలో ఒక్క చుక్క నీరు ఖర్చు కాలేదు, చూడండి. తీర్చలేక ఇరుక్కుపోయే పరిస్థితి వస్తే మాత్రం, నోట్లో ఊరిన చొంగని చేతులతో తలకీ మొహానికీ రాసుకుంటుంది. అది నీళ్ల ఖర్చే, కానీ ప్రాణం మీదికొచ్చినప్పుడు దాచిన బంగారం తాకట్టు పెట్టమా?

తోక గురించి చెప్పడం మర్చిపోయాను. అది వీపు మీదకి మడుచుకుంటుందని చెప్పాను కదా, అది షోకు కాదు, గొడుగు. తెల్లటి అడుగు భాగం పైకి తిరిగి ఎండకి ఎదురుగా ఉంటుంది. ఇక్కడ ఒక్కసారి ఆగి ఆ కుండీలో ఆకుని గుర్తు తెచ్చుకోండి. మొక్క ఉప్పుతో తెల్లబడింది, ఉడత తోకతో తెల్లబడింది. ఎండకి ఇద్దరూ పెట్టిన నమస్కారం ఒకటే.

ఉప్పు విషయంలో మాత్రం దారులు వేరు. ఉడత తిండిలోనూ ఉప్పు వస్తుంది. అది కిడ్నీల్లో వడకట్టి, చాలా కొద్ది నీళ్లతో చిక్కటి మూత్రంగా బయటికి పంపేస్తుంది. మన కిడ్నీలు ఎంత కష్టపడ్డా రక్తానికి నాలుగింతలు చిక్కదనం వరకే పోగలవు, అందుకే సముద్రం నీళ్లు తాగి మనం బతకలేం. ఎడారి ఉడత కిడ్నీ మనల్ని చాలా వెనక్కి నెట్టేస్తుంది. ఉడత ఉప్పుని ఎక్కడో దారిలో వదిలేసి ముందుకి పోతుంది, కాళ్లున్నాయి కాబట్టి. మొక్క ఎక్కడికి పోతుంది? తను పారేసిన ఉప్పు తన ఆకు మీదే, ఆకు రాలితే తన మొదట్లోనే. ఉప్పుపొదల కింద పైమట్టి తీసి కొలిస్తే పక్కన ఖాళీ నేల కంటే ఉప్పగా ఉండటం మామూలే. ఆ ఉప్పులో వేరే మొక్క మొలవడం కష్టం, కాబట్టి ఒకరకంగా అది తన చుట్టూ కంచె కూడా వేసుకున్నట్టే. కానీ ఆ పద్దు ఏనాడూ కొట్టెయ్యడం ఉండదు, ఏటా పెరగడమే.

మధ్యాహ్నం రెండు గంటలకి ఉడత బొరియలో బోర్లా పడుకుని ఉంటుంది. మొక్క అక్కడే నిలబడి ఉంది, ఎండలో. పైగా వంట చేస్తోంది! ఎలాగంటే, జొన్న, చెరకు, మొక్కజొన్న, తోటకూర చేసే పద్ధతిలో. ఆకుకి గాలి లోపలికి రావాలంటే రంధ్రాలు తెరవాలి, తెరిస్తే నీళ్లు ఆవిరైపోతాయి. వరి, గోధుమ బార్లా తెరిచి కూర్చుంటాయి, నీళ్లున్నాయనే ధైర్యం. జొన్న, తోటకూర, ఈ పొద కొంచెంగా తెరిచి, వచ్చిన కాస్త కార్బన్ డయాక్సైడ్‌నీ గబగబా పట్టుకుని, ఆకు లోపలి గదిలోకి చేరవేసి అక్కడ వండుతాయి. సీ4 పద్ధతి అంటారు. తమాషా ఏమిటంటే అట్రిప్లెక్స్ జాతిలోనే (అయ్యో, పేరు ఎత్తేశాను) కొన్నిటికి ఈ పద్ధతి ఉంది, కొన్నిటికి లేదు. స్టాన్‌ఫర్డ్‌లో కార్నెగీ సంస్థకి చెందిన బ్యోర్క్‌మన్ బృందం ఆ రెండు రకాల్ని కలిపి సంకరం చేసి చూసింది. సగం అమ్మ పోలిక, సగం నాన్న పోలిక వచ్చిన ఆ పిల్ల మొక్కలు ఏ పద్ధతిలోనూ సరిగ్గా వండలేకపోయాయి. సామాను అంతా ఉంది, వంటిల్లే కుదరలేదు.

నేను ఇంతసేపు మొక్కని పొగుడుతున్నాను కదా, దాని బలహీనత కూడా చెప్పాలి, ఎందుకంటే నాకది చేదు అనుభవం. ఈ కుండీకి ముందు ఇంకో కుండీ ఉండేది. తెచ్చిన రెండో వారం నుంచి రోజూ చెంబుడు నీళ్లు పోశాను. పాపం ఎడారి మొక్క, ఎన్నాళ్ల నుంచో దాహంతో ఉందని జాలి. నెల తిరక్కుండా చచ్చిపోయింది. ఉప్పు కొలిచే ఉద్యోగం చేస్తూ నేను చేసిన నిర్వాకం అది. తర్వాత తెలిసింది, నాలాంటి తప్పు ఆకాశం కూడా చేసిందని. 1980లలో యూటా, నెవాడా వైపు కొన్నేళ్లు వరసగా మామూలు కంటే ఎక్కువ వానలు పడ్డాయి, ఆ ఏళ్లలో మైళ్ల కొద్దీ షాడ్‌స్కేల్ పొదలు ఎండిపోయాయి. ఉప్పునీ ఎండనీ తట్టుకున్నది తడికి పోయింది. ఉడత అయితే వాన పడితే వేరే మిట్టకి పోతుంది.

నిప్పు కూడా అంతే. పొదకీ పొదకీ మధ్య ఖాళీ నేల ఉండటమే వీటికి రక్ష. ఇప్పుడు ఆ ఖాళీలో బయటి నుంచి వచ్చిన గడ్డి ఎదిగి, ఎండి, అగ్గిపుల్లల కట్టలా తయారవుతోంది.

ఇక మన కుళాయి. ఓవెన్స్ లోయలో ముందు నుంచీ ఉన్న పైయూట్ ప్రజలు దాన్ని పయహూనాదు అంటారు, నీళ్లు పారే చోటు అని. వాళ్లు కాలువలు తవ్వి పారకం చేసుకున్నవాళ్లు. 1913 నవంబరు 5న మల్హాలండ్ అనే ఇంజనీరు 233 మైళ్ల కాలువ తెరిచి, నీళ్లు దూకుతుంటే జనానికి చూపించి "అదిగో, తీసుకోండి" అన్నాడు. అంతే అన్నాడు. డెత్ వ్యాలీ రికార్డు కూడా ఆ ఏడాదే, గమనించారా. పంపు అక్కర్లేకుండా పల్లానికి పారే కాలువ, ఇంజనీరుగా చూస్తే దండం పెట్టాల్సిన పని. నది నీళ్లు ఇటు తిరిగాక, దిగువన 100 చదరపు మైళ్లకి పైగా ఉన్న ఓవెన్స్ సరస్సు 1926కల్లా ఎండిపోయింది. అడుగున మిగిలింది ఉప్పు, మట్టి. గాలి లేస్తే అదంతా దుమ్ము. అమెరికాలో ఒకే చోటి నుంచి లేచే దుమ్ములో అదే అన్నిటికంటే ఎక్కువని చాలా ఏళ్లు చెప్పుకున్నారు. ఆ దుమ్ము అణచడానికి మన నగరం నీళ్ల శాఖ ఇప్పటిదాకా 200 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టింది, కొన్నిచోట్ల నీళ్లు పరిచి, కొన్నిచోట్ల గులకరాళ్లు పోసి, కొన్నిచోట్ల ఉప్పుని తట్టుకునే గడ్డి నాటి. అంటే ఎక్కడి నుంచి నీళ్లు తెచ్చుకున్నామో అక్కడికే కొంత తిరిగి పంపి తడుపుతున్నాం. నేను తాగేదీ ఆ నీళ్లే, కాబట్టి ఎవరినీ అనే హక్కు నాకు లేదు. కానీ ఉడత చేబదులు గురించి చెప్పినప్పుడల్లా నాకు ఈ కాలువే గుర్తొస్తుంది.

టైమ్ అయిందంటున్నారు. రెండు మూడు ప్రశ్నలు తీసుకుంటాను, పులిహోర చల్లారినా ఫరవాలేదు కదా.

(ప్రశ్న: శీతాకాలంలో అక్కడ మంచు కురుస్తుంది కదా, ఉడత నిద్రపోదన్నారు, మరెలా?)

మంచి ప్రశ్న. పగలు ఎండ కాసే నాలుగు గంటలు బయట తిరుగుతుంది. రాత్రి చలికి మాత్రం కొన్ని ఉడతలు ఒకే గూట్లో చేరి ఒకదాన్నొకటి ఆనుకుని ముద్దగా పడుకుంటాయి. పగలంతా ఎవరి దారి వాళ్లదే. ఎండాకాలంలో నేలకి వేడి ఇచ్చిన జీవి, చలికాలంలో పక్కవాడి దగ్గర తీసుకుంటుందన్నమాట.

(ప్రశ్న: మొక్కకి మగ, ఆడ వేరుగా ఉంటాయని చదివాను, నిజమేనా?)

నిజమే బాబాయిగారూ. తాటిలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే. పుప్పొడిని గాలి మోస్తుంది. ఆడ పొదకి గింజ వచ్చినప్పుడు రెండు చిన్న ఆకుల్లాంటివి అరచేతులు జోడించినట్టు దాన్ని మధ్యలో పెట్టుకుంటాయి. దీని దగ్గరి బంధువు నాలుగు రెక్కల ఉప్పుపొద ఉంది, అందులోనైతే కరువొచ్చినా, చలి ఎక్కువైనా కొన్ని ఆడ పొదలు మరుసటేడు మగవైపోతాయి. గింజలు కనడం ఖర్చుతో కూడిన పని, పుప్పొడి చవక. ఆడవాళ్లెవరూ ఆశ్చర్యపోవట్లేదే! (నవ్వులు)

(ఒక పాప: ఆ ఉడతకి చేగోడీ పెట్టొచ్చా ఆంటీ?)

పెట్టకూడదమ్మా. పార్కుల్లో పెట్టడం నేరం, జరిమానా వేస్తారు. పైగా ఇక్కడి నేల ఉడతల మీద పేలలాంటి చిన్న పురుగులుంటాయి, వాటివల్ల ప్లేగు లాంటి జబ్బులు రావచ్చు. దూరం నుంచి చూడు. చేగోడీ నువ్వు తిను.

ఇంతకీ నా కుండీ ఎక్కడిదాకా వచ్చింది? వెనక వరసకి వెళ్లిందా? ఇటు ఇవ్వండి... అదేంటండీ, మట్టి ఇంత తడిగా ఉంది? ఎవరు పోశారు నీళ్లు?